తీగలేని యిరుగుపొరుగు

చేతిఫోనులోని పాట తీగ లేకయే చెవిని చేరుచున్నది గదా! ఈ విద్యకు బ్లూటూత్ అని పేరు. 1994లో స్వీడను దేశపు ఎరిక్‌సన్ సంస్థలో దీనికి నాంది జరిగెను. దీనిని రూపొందించినవారిలో జాప్ హార్ట్‌సన్ అను డచ్చి యింజనీరు ముఖ్యుడు. పదియవ శతాబ్దమున డెన్మార్కు ప్రజల నేకము జేసిన హెరాల్డ్ రాజు బిరుదమే దీనికి పేరయ్యెను. నీలిపన్ను అని దాని యర్థము. 1998లో అయిదు సంస్థలు కూడి, వేర్వేరు యంత్రములకు దీనినే ఉమ్మడిభాషగా నేర్పరచినవి.

పెండ్లియింట పదిమంది యొక్కసారి పలికినట్లు, ఒక్కచోట ననేకయంత్రములు పలుకుచుండును. ఆ కలతను తప్పించుకొనుటకై యిది సెకనునకు 1600 మారులు దారి మార్చును. జతగూడిన యంత్రము మాత్రమే ఆ వరుస నెఱిగి వెంబడించును.

2020 ఏప్రిలులో మన కర్నూలు జిల్లా కోవిడ్‌చే మిక్కిలి బాధపడెను. ఆ నెలలోనే వెలువడిన ఆరోగ్యసేతు, ఎవరి ఫోను ఎవరి ఫోనుకు దగ్గరగా నుండెనో యీ విద్యచేతనే గుర్తించెడిది. కాని యింటి కొక్కటే ఫోను, అదియు పురుషుని జేబులో నున్నప్పుడు, బిందెల వరుసలో నిలిచిన యిల్లాలి ప్రక్క నెవరుండిరో దాని కెట్లు తెలియును? సాధారణఫోనులవారికి 1921 సంఖ్య నేర్పరచిరి గాని, అది చెప్పినమాట వినునే తప్ప పొరుగును గుర్తింపజాలదు. ఆ గుర్తించు విధానము నిలిపివేయబడినదని 2023లో ప్రభుత్వము లోక్‌సభకు దెలిపెను.

యంత్రము తన్ను ధరించినవారినే యెఱుగును. కావున స్త్రీలకును తమదైన ఫోనును, దాని మర్మమును తెలియవలెను. పని లేనపుడు బ్లూటూత్‌ను ఆపుడు. ఎఱుగని యంత్రము జత కోరినచో నిరాకరింపుడు.