ఇద్దరిదీ తప్పేనట!

పోయిన శనివారం ఒక మిత్రుడి ఇంట్లో భోజనాలయ్యాక సత్యజిత్ రాయ్ తీసిన ‘టూ’ అనే షార్ట్ ఫిలిం చూశాం. 1964లో అమెరికా పబ్లిక్ టెలివిజన్ కోసం ఎస్సో కంపెనీ సొమ్ముతో తీసిన సినిమా. పావుగంటకు మించదు, అందులో మాటలే లేవు. అయిపోగానే మా అందరికన్నా పెద్దవాడైన ఒకన్న తీర్పు చెప్పేశాడు: “ఏముంది, పిల్లల కొట్లాట. ఇద్దరిదీ తప్పే. ఆ గుడిసె పిల్లవాడికి అసూయ.”

ఆ రాత్రి మర్యాదకు ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను.

కథ చూడండి. మేడలో ఒక పిల్లవాడు. చేతిలో కోకాకోలా సీసా, గది నిండా బొమ్మలు, ఆడుకోవడానికి మాత్రం ఎవరూ లేరు. బయట గుడిసె దగ్గర ఇంకో పిల్లవాడు తన మానాన తాను పిల్లనగ్రోవి ఊదుకుంటున్నాడు. మేడ పిల్లవాడు బొమ్మ బాకా తెచ్చి దాన్ని మించి మోగిస్తాడు. అతడు డోలు తెస్తే ఇతడు డోలు కొట్టే కోతిబొమ్మ చూపిస్తాడు. అతడు మాస్కు పెట్టుకొని గెంతితే ఇతడు మాస్కులు, కత్తులు, బొమ్మ తుపాకీ బయటికి తీస్తాడు. గుడిసె పిల్లవాడు చిన్నబోయి వెళ్లి పతంగి ఎగరేసుకుంటాడు. మేడ పిల్లవాడు గులేరుతో కొట్టి చూస్తాడు, తగలదు. ఎయిర్ గన్ తెచ్చి పతంగిని కూల్చేస్తాడు.

ఇప్పుడు చెప్పండి, అసూయ ఎవరిది?

ఆఫీసులో సర్వర్ పడిపోతే మనమేం చేస్తాం? లాగ్స్ తీసి ఏది ముందు, ఏది తర్వాత అని వరుసగా చూస్తాం. “అందరిదీ తప్పే” అని రూట్ కాజ్ రిపోర్ట్ రాస్తే మేనేజర్ ఒప్పుకుంటాడా?

“వాడూ డోలు తెచ్చాడు కదా” అంటారు. తెచ్చాడు. ఆటకు తోడు దొరికిందనుకొని తన దగ్గరున్నది తెచ్చి చూపించాడు. ఎదుటివాడి వస్తువు జోలికి పోలేదు. పోటీ వేరు, పక్కవాడి సంతోషాన్ని చింపేయడం వేరు.

రాయ్ మేడ పిల్లవాణ్ని రాక్షసుణ్ని చెయ్యలేదు. చివర్లో బొమ్మలన్నీ మోగుతున్నా పిల్లనగ్రోవి మళ్లీ వినపడుతుంది. రోబో బొమ్మ నడుచుకుంటూ వచ్చి వాడు పేర్చుకున్న గోపురాన్నే పడగొడుతుంది. వాడి ఒంటరితనం మనకు అర్థమవుతుంది. అర్థమైందని వాడి తప్పులో సగం గుడిసెకు పంచుతామా?

ఇలాంటి తీర్పులు మనకు కొత్త కాదు. మన తెలుగు సినిమాలు ఏళ్ల తరబడి తెలంగాణ యాసను రౌడీకో కమెడియన్‌కో తగిలించాయి. ఆ రౌడీ కత్తి ఎందుకు పట్టాడో చెప్పే సీను రాసింది ఎంతమంది? రచయిత కారణం రాయకపోతే ప్రేక్షకుడే రాసుకుంటాడు: “వాళ్ల బుద్ధే అంత.” ‘టూ’ చూసిన అన్న చేసింది కూడా అదే. ఆయనకైతే రాయ్ కారణం చూపించాడు కూడా.

వీకెండ్లలో కెమెరా పట్టి షార్ట్ ఫిలింలు తీస్తున్న తమ్ముళ్లూ, కొట్లాట సీను రాసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరికి ఏం కావాలి? ఎవరి దగ్గర ఏముంది? ఎవరి చెయ్యి ముందుగా పక్కవాడి వస్తువు మీద పడింది?

అన్నా, నువ్వు కూడా ఇంకోసారి చూడు. పావుగంటే కదా. చూసినాక కూడా ఇద్దరిదీ తప్పే అంటే, ఆ పతంగి ఎగరేసిన పిల్లవాడి తప్పేమిటో ఒక్కటి చెప్పు.