తిక్కనగారు నవ్వకూడదా?

విశ్వనాథ సత్యనారాయణగారి 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు' నాకు అభిమాన నవల. పంచతంత్రకర్త విష్ణుశర్మ, తిక్కన సోమయాజి ఇద్దరూ మన కాలానికి దిగివస్తారు. విష్ణుశర్మగారు ఇంగ్లీషు నేర్వబూనుతారు. బొమ్మలు గీసే చేతికి ఇంతకన్న విందేమున్నది?

విష్ణుశర్మతో చిక్కు లేదు. ముసలి పంతులు, చేతిలో వాచకం, స్పెల్లింగుకూ ఉచ్చారణకూ పొత్తు కుదరక ముడివడిన కనుబొమలు. చిక్కంతా తిక్కనగారితోనే. ఆయన 13వ శతాబ్దివాడు. ఎదుట కూర్చోబెట్టి గీసిన చిత్రమేదీ మనకు దక్కలేదు. అయినా హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీది విగ్రహమే ప్రమాణమన్నట్లు మాట్లాడుతారు. నా బొమ్మ చూసిన ఒక పెద్దాయన "కవిబ్రహ్మకు ఆ పళ్ళికిలింపేమిటండీ, అపచారం కాదూ?" అన్నారు.

కాదనే నా అభిప్రాయం. విరాటపర్వంలో ఉత్తరకుమారుని ప్రగల్భాలను అంత రసవత్తరంగా తెలుగు చేసినవానికి నవ్వు రాదనుకోవడమే అపచారం. పైగా ఆయన తాత మంత్రి భాస్కరుడు గుంటూరి ఏలిక (మావాడే అని చెప్పుకోవడానికి ఆ మాత్రం చాలదూ!). అందుకే ఇద్దరినీ మా మిరప కల్లం పక్కన వేపనీడలో కూర్చోబెట్టాను. ఘాటుకు విష్ణుశర్మ తుమ్ముతున్నాడు, తిక్కన పగలబడి నవ్వుతున్నాడు.

ఉత్తరీయం మడతలు ఇంకా కుదరలేదు. వాటిని దిద్దుతాను. నవ్వు జోలికి పోను.