ఆళ్లగడ్డలో ఒక గంట ఆగండి

వియత్నాం నడుమ తీరంలోని దనాంగ్‌కు విహార నౌకలు వస్తాయి. పొద్దున ఒడ్డుకు చేరిన ప్రయాణికులు సాయంత్రానికి మళ్లీ ఓడెక్కాలి. ఉన్న ఆ ఒక్క పగట్లో చాలామంది సముద్రపుటొడ్డున కాసేపు నడిచి, దగ్గరలోని పాలరాతి కొండలకు వెళ్తారు. లోహం, కొయ్య, నీరు, నిప్పు, మన్ను అని వాటికి పేర్లు. వాటి కింద నాన్ నూక్ అనే శిల్పుల ఊరుంది. బుద్ధుడి ముఖం రాతిలో తేలుతుంటే చూడటం కూడా యాత్రలో భాగమే అక్కడ.

అదే నగరంలో 1919లో తెరిచిన చామ్ శిల్పాల మ్యూజియం ఉంది. చంపా రాజ్యపు శిల్పులు చెక్కిన శివుడూ వినాయకుడూ అందులో కనిపిస్తారు. దూరదేశపు తీరంలో మన దేవుళ్లను చూసి పొంగిపోతాం. మరి ఆ దేవుళ్లకు ఈనాటికీ రూపమిస్తున్న మన ఆళ్లగడ్డ ముందు బస్సు ఆపమే!

నంద్యాలలో దిగిన యాత్రికుడిదీ ఒక్క పగటి ప్రయాణమే. మహానంది కోనేట్లో మునిగి, ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం చేరి, నరసింహుణ్ని చూసి తిరుగుముఖం పడతాడు. ఆళ్లగడ్డ అతనికి టీ తాగే మజిలీ. ఇక్కడి రాతి శిల్పకళకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఇక్కడి విగ్రహాలు పక్క రాష్ట్రాల గుళ్లకూ, విదేశాల్లో తెలుగువాళ్లు కట్టుకున్న గుళ్లకూ వెళ్తాయి. రాయిని సుత్తితో తట్టి, నాదం విని, లోపల పగులుందో లేదో పసిగట్టే చెవులు ఈ శిల్పులవి. మూలవిరాట్టుకు కృష్ణశిలను ఎంచి, తాళమానం అనే శిల్పశాస్త్ర కొలతల ప్రకారం గీతలు గీసి, అప్పుడు ఉలి పట్టుకుంటారు. గర్భగుడిలో మనం చేతులు జోడించే రూపం ముందుగా ఈ శిల్పుల రేకుల పందిళ్ల కిందే పుడుతుంది.

నాన్ నూక్ నుంచి మనం నేర్చుకోవలసింది ఇంకోటుంది. తరతరాలుగా తవ్వి తవ్వి కొండలే కరిగిపోయేలా ఉన్నాయని అక్కడ తవ్వకం ఆపేశారు. రాయి బయటి నుంచి తెచ్చుకుంటున్నారు. కొండలూ మిగిలాయి, పనీ మిగిలింది. మనకు ఆళ్లగడ్డలో కాపాడుకోవలసింది శిల్పి ఊపిరి. కోత యంత్రాలు వచ్చాక పని వేగం పెరిగింది, దాంతోపాటు రాతి దుమ్మూ పెరిగింది. ఆ దుమ్ము ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దానికి నయం చేసే మందు లేదు.

అందుకే పర్యాటక శాఖను అడుగుతున్నాను. దుమ్ము లాగే యంత్రాలతో, యాత్రికులు నిలబడి పని చూసే వీలుతో ఆళ్లగడ్డలో ఒక శిల్పశాల కట్టండి. అహోబిలం యాత్రల్లో దానికి ఒక గంట కేటాయించండి.

పాఠకులనూ అడుగుతున్నాను. ఈసారి అహోబిలం వెళ్లేటప్పుడు ఆళ్లగడ్డలో బస్సు దిగండి. పిల్లలకు ఉలి పని చూపించండి. చిన్న విగ్రహమైనా సరే, శిల్పి చేతి నుంచే కొనండి, బేరమాడకండి.