కుక్కకాటుకు మంత్రం, నారాయణగూడలో టీకా

హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌ను ఊళ్ళో అందరూ ఐపీఎం అనే అంటారు. కుక్క కరిస్తే విద్యానగర్, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వాళ్ళకు ముందుగా గుర్తొచ్చే చోటు అదే. ఆ వరసలో కాసేపు నిలబడితే ఒక సంగతి కళ్ళబడుతుంది. కొందరు పిల్లల పిక్క మీద గాటు కనిపించదు. పసుపు, సున్నం, ఏదో ఆకు పసరు దాని మీద అట్టకట్టి ఉంటాయి. చేతికి నల్లదారం, మెడలో కొత్త తాయెత్తు. అంటే ముందు మంత్రం వేయించారు, టీకా సంగతి తర్వాత ఎవరో చెప్పారు. వీళ్ళు ఆలస్యంగానైనా వచ్చారు. మంత్రంతోనే ఆగిపోయిన వాళ్ళ గురించే నా దిగులు.

ఆ తల్లిదండ్రుల్ని తిట్టడం నాకిష్టం లేదు. ఒకప్పుడు కుక్కకాటంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు. గొర్రె మెదడుతో తయారయ్యే ఆ పాత టీకా నొప్పి, దానివల్ల అరుదుగానైనా వచ్చే పక్షవాతం జనాన్ని హడలెత్తించాయి. 2005 నాటికి అది మన దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు జబ్బకే వేస్తారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే మొదటి రోజు, ఆపైన 3, 7, 28 రోజులకు. టీకా మారినా పాత భయం ఇళ్ళలో అలాగే ఉంది. మంత్రగాడి దగ్గరికి నడిపించేది ఆ భయమే.

మరి మంత్రం ఫలించినట్టు ఎందుకు కనిపిస్తుంది? కరిచిన ప్రతి కుక్కకూ రేబిస్ ఉండదు. ఉన్న కుక్క కరిచినా ప్రతి గాటుతోనూ జబ్బు అంటుకోదు. కాబట్టి మంత్రం వేయించుకున్న వాళ్ళలో ఎక్కువమంది ఎలాగూ బతికేవాళ్ళే. ఆ పేరు మంత్రానికి పోతుంది. ఇక జబ్బు నిజంగా అంటుకున్న మనిషి సంగతి చూడండి. వైరస్ గాయం దగ్గరి నరాన్ని పట్టుకుని మెల్లగా మెదడు వైపు పాకుతుంది. సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది, ముఖం మీద కరిస్తే ఇంకా త్వరగా చేరుతుంది. ఆ వ్యవధిలోనే టీకా ఒంట్లో ప్రతిరక్షకాలను తయారుచేసి వైరస్‌ను దారిలో అడ్డుకుంటుంది. మంత్రం వేయించుకున్నవాడికి ఆ నెలలు ప్రశాంతంగా గడిచిపోతాయి, నయమైందనే అనుకుంటాడు. తీరా నీళ్ళు చూస్తే గొంతు పట్టేసే రోజు వచ్చినప్పుడు మంత్రగాడు చెప్పే మాట సిద్ధంగా ఉంటుంది: పత్యం తప్పారు, వంకాయ తిన్నారు. ఓడిపోయే వీలే లేని విద్యను పరీక్షించేదెలా?

అలాంటి రోగుల్ని చివరికి తీసుకొచ్చేది విద్యానగర్ పక్కనే ఉన్న నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికే. లక్షణాలు మొదలయ్యాక వైద్యులు బాధ తగ్గించడం తప్ప దాదాపు ఏమీ చేయలేరు. ఆ ఆసుపత్రికి సర్ రొనాల్డ్ రాస్ పేరు పెట్టారు. ఇదే ఊళ్ళో, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న దోమ పొట్ట కోసి సూక్ష్మదర్శిని కింద మలేరియా క్రిమిని పట్టుకున్న మనిషి ఆయన. చలిజ్వరం గాలి సోకుడనీ చెడు గాలి అనీ తరతరాలుగా చెప్పుకున్న మాటలకు ఆయన పరిశోధన జవాబిచ్చింది.

ప్రాచీన జ్ఞానాన్ని కించపరుస్తున్నానని కొందరికి కోపం రావచ్చు. వాళ్ళకోసమే వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లండు సంగతి చెబుతాను. ఆంగ్లో-సాక్సన్ల వైద్య గ్రంథాలు కొన్ని నేటికీ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఒకటి బాల్డ్ వైద్య గ్రంథం, ఇంకొకటి లాక్‌నుంగా. రెండో దానిలో తొమ్మిది మూలికలతో తొమ్మిది విషాలను విరిచే మంత్రం ఉంది. ఉన్నట్టుండి ఒంట్లో పోటు వస్తే కంటికి కనబడని శక్తులు బల్లెం విసిరాయని చెప్పి, ఆ మొనను బయటికి రమ్మని ఆజ్ఞాపించే మంత్రమూ ఉంది. పక్కనే వెన్నలో ఆకులు కాచే మందు. బ్రయాన్ బేట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ లాక్‌నుంగాను ఆధారం చేసుకుని 1983లో ఒక నవల రాశాడు. అలాంటి రచనల దారినే అది పూర్వీకుల గుప్త విద్యగా, షామన్ల (మంత్రవైద్యుల) జ్ఞానంగా ప్రచారమైంది. నిజానికి మనకు దక్కిన ప్రతులు క్రైస్తవం వేళ్ళూనుకున్నాక రాసినవి. వాటిలో మూలికల పక్కనే చర్చి ప్రార్థనలు ఉంటాయి.

అయితే బాల్డ్ గ్రంథంలో కంటి కురుపుకు ఒక మందు ఉంది. వెల్లుల్లి, ఉల్లి జాతి దుంప ఒకటి, ద్రాక్షసారా, ఆవు పిత్తరసం కలిపి ఇత్తడి పాత్రలో తొమ్మిది రాత్రులు ఉంచి, వడకట్టి కంటికి రాయాలి. 2015లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పాత ఇంగ్లిషు పండితురాలు, సూక్ష్మజీవి శాస్త్రవేత్తలు కలిసి దీన్ని వీలైనంతవరకు గ్రంథంలో ఉన్నట్టే తయారుచేశారు. ఎన్నో యాంటీబయాటిక్‌లకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ బాక్టీరియాను అది ప్రయోగశాలలో చంపింది. తర్వాత 2020లో వచ్చిన పరిశోధన, గట్టి పొర కట్టుకున్న బాక్టీరియా మీద ఏ ఒక్క దినుసూ విడిగా సరిపోదని, కలిపితేనే ఆ బలం వస్తుందని చూపింది. ఎంత ఆనందించదగ్గ విషయం! ఆ పాత వైద్యుడు చేసి చూసి, మళ్ళీ చేసి చూసి ఆ పాకానికి వచ్చి ఉండాలి. ఆ మందుకు మంత్రం లేదు. మన ముత్తవ్వల పెరటి వైద్యాన్నీ ఇలాగే పరీక్షకు పెట్టాలి. నిలిచింది తీసుకోవాలి, నిలవనిది పోనివ్వాలి. పూర్వీకులకు అంతకన్నా గౌరవం ఏముంది?

కనబడని బల్లెం నమ్మకం మాత్రం అంత అమాయకమైనది కాదు. మన దగ్గర దాని రూపం బాణామతి. కడుపునొప్పి, మూర్ఛ, క్షయ, దేనికైనా ఎవరో చేయించారనే మాట పుట్టగానే ఆ ‘ఎవరో’ ఒక మనిషి అయిపోతుంది. చాలాసార్లు దిక్కులేని ముసలామె, లేదా పొలం తగాదా ఉన్న పొరుగువాడు. మెదక్ పల్లెల్లో అలాంటి వాళ్ళ పళ్ళు ఊడగొట్టారు, కొట్టి చంపారు, తగలబెట్టారు. వేరే రాష్ట్రాలు మేలుకున్నాయి. మూఢనమ్మకాలతో పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపాక మహారాష్ట్ర చేతబడి, మూఢాచారాలకు వ్యతిరేకంగా చట్టం తెచ్చింది, 2017లో కర్ణాటక తెచ్చింది. అలాంటి చట్టం మనకూ ఉండాలి. నగరంలో కరెంటు స్తంభాల మీద కోచింగ్ సెంటర్ల కాగితాల పక్కనే వశీకరణం, చేతబడి నివారణ అని ఫోన్ నంబరుతో అంటించే కాగితాలు ఆ చట్టం పరిధిలోకి రావాలి.

చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. బస్తీలో పసరు వేసే పెద్దాయన కూడా మనవాడే, చాలాచోట్ల డబ్బు కూడా తీసుకోడు. ఆయనతో తగువు పెట్టుకోకుండా ఒక్క మాట అడుగుదాం: “తాతా, కాటు మీద సున్నం, కారం వద్దు. ముందు కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగించు. ఐపీఎం చీటీ చూపిస్తేనే దారం కట్టు. చర్మం చీలి రక్తం వచ్చి ఉంటే టీకాతో పాటు గాయంలో ఇమ్యునోగ్లోబులిన్, అంటే సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల మందు కూడా వేయించుకున్నారా అని అడుగు.” ఆయన మాట వినేవాళ్ళు మన మాట వినేవాళ్ళ కంటే ఎక్కువ.