సంపాదకుని మాట: మానేసిన తొలి మూడు రోజులు

విశాఖ చినవాల్తేరు ఆసుపత్రి, హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి అనగానే మనవాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. "పిచ్చాసుపత్రికా?" అంటూ తాగుడు మాన్పించడానికి తీసుకెళ్లాల్సిన మనిషిని ఇంట్లోనే ఉంచేస్తారు. ఈ సిగ్గు ప్రాణాల మీదికి తెస్తోంది. అందుకే ఈ సంచికలో డీ-అడిక్షన్ కేంద్రాల గురించి ఇన్ని పేజీలు కేటాయించాం.

ఏళ్లుగా రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు ఒంటిమీద పురుగులు పాకుతున్నాయని దులుపుకుంటూ, లేని మనుషులతో మాట్లాడుతుంటే అది గాలీ కాదు, ధూళీ కాదు. తాయెత్తులతో పొద్దుపుచ్చితే మనిషి దక్కకపోవచ్చు. వార్డులో బీ1 విటమిన్ ఇంజెక్షన్, వణుకు తగ్గించే మందులు ఇచ్చి ఆ గండం దాటిస్తారు. తర్వాత కౌన్సెలింగ్, ఇంట్లోవాళ్లతో మాటలు, నెలల తరబడి ఫాలో-అప్. అసలు వైద్యం ఈ ఫాలో-అప్పేనని నా నమ్మకం. ఒళ్లు కాస్త కుదుటపడగానే మనం మానేసేదీ అదే.

ఇంకో మాట. కూరలోనో మజ్జిగలోనో తాగుడు మాన్పించే మాత్ర చాటుగా కలిపే తల్లులకు, ఇల్లాళ్లకు చేతులెత్తి చెబుతున్నాను, వద్దమ్మా. ఆ మాత్రలో ఉండే డైసల్ఫిరామ్ ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి గుండెకే ముప్పు. ఆ మాత్ర డాక్టరు రాయాలి, మింగే మనిషికి తెలిసే మింగాలి.

మత్తు అలవాట్ల చికిత్స 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తుంది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాల్సిందే. కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ ఉచితం. మీ ఇంట్లో అవసరం ఉంటే ఈరోజే చేయండి.