యంత్రం తర్వాత, ముందు చెంచా

కాఫీ వ్యాపారుల ప్రదర్శనల వీడియోలు ఇప్పుడు మన కుర్రాళ్ల ఫోన్లలో బాగా తిరుగుతున్నాయి. 2023 సెప్టెంబరు 25 నుంచి 28 వరకు బెంగళూరులో ప్రపంచ కాఫీ మహాసభ జరిగినప్పటి నుంచి ఈ మోజు ఇంకా పెరిగింది. ఆ మహాసభ ఆసియాలో జరగడం అదే మొదటిసారి. ఆ వీడియోల్లో ఏముంటాయి? అద్దంలా మెరిసే ఎస్ప్రెస్సో యంత్రాలు, గింజను తూచి తనంతట తానే పొడి చేసే గ్రైండర్లు, నీటి వేడిని డిగ్రీలతో సహా చూపించే కెటిళ్లు. పెద్ద యంత్రాల ధర లక్షల్లో ఉంటుంది. వీటిని చూసి, "గిరిజన యువకుడికి తలా ఒక యంత్రం ఇప్పించి కాఫీ షాపు పెట్టిస్తే చాలు, బాగుపడిపోతారు" అనేవాళ్లు బయల్దేరారు. అలా అనేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

నేను ఈ మాటతో ఏకీభవించను.

మాది వినుకొండ వైపు తండా. మా దగ్గర కాఫీ తోటల్లేవు. ఉన్నవి మిరప, పత్తి. మిరప నేల మీదవాడికి కాఫీ సంగతి ఏం తెలుసని మీరు అడగొచ్చు. ఒక్క సంగతి తెలుసు. మా కాయ గుంటూరు యార్డుకు పోతుంది. కొనేవాడు బస్తాలోంచి గుప్పెడు కాయలు తీస్తాడు. విరుస్తాడు, రంగు చూస్తాడు, వాసన చూస్తాడు. "డీలక్స్" అంటాడు, లేదా "మీడియం" అంటాడు, లేదా "తాలు" అని పక్కకు నెడతాడు. ఆ ఒక్క మాటతో ఆరేడు నెలల కష్టానికి ధర పడిపోతుంది. నారు పోసింది మనం, మందు కొట్టింది మనం, ఎండలో కల్లంలో కాయ తిరగేసింది మన ఆడవాళ్లు. కానీ ఆ కాయకు పేరు పెట్టేది మాత్రం ఎదుటివాడు. మన కాయ ఎలాంటిదో అతని భాషలో అతనికి చెప్పలేకపోతే, అతను చెప్పిందే ధర.

కాఫీలోనూ ఇదే జరుగుతుంది. కాకపోతే అక్కడ గుప్పెడు కాయలు విరవరు, చెంచాతో చప్పరిస్తారు.

ముందు యంత్రం సంగతి చూద్దాం. 1884లో ఇటలీలోని టూరిన్ నగరంలో ఏంజెలో మోరియోండో అనే ఆయన ఆవిరితో కాఫీ దించే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1901లో మిలాన్‌కు చెందిన లుయీజీ బెజ్జెరా దాన్ని ఒక్కో కప్పు విడిగా దించేలా మార్చాడు. ఆ తర్వాత ఎన్ని హంగులు వచ్చినా ఎస్ప్రెస్సో యంత్రం చేసే పని చిన్నదే. సుమారు 18 గ్రాముల పొడి మీదికి, మామూలు గాలి పీడనానికి తొమ్మిది రెట్ల ఒత్తిడితో వేడినీళ్లు నెట్టి, అర నిమిషంలో నాలుగు గుక్కల డికాక్షన్ దించుతుంది. గింజలో ఉన్న రుచిని బయటికి తీస్తుంది, లేని రుచిని పుట్టించలేదు. పండని కాయ కోసినా, పప్పు తీసిన గింజ ఎక్కువసేపు పులిసినా, సరిగా ఆరకముందే బస్తాకెత్తినా, ఆ తప్పును ఎంత ఖరీదైన యంత్రమూ దాచలేదు. పైగా ఇంకా గట్టిగా చాటుతుంది.

మరి లెక్క ఎక్కడ తేలుతుంది? సుమారు ఆరు కిలోల పండు నుంచి ఒక కిలో పచ్చి గింజ వస్తుంది. వేయించితే అందులో ఆరో వంతు దాకా తగ్గుతుంది. మిగిలిన దానితో 18 గ్రాముల లెక్కన నలభై అయిదు కప్పులు దించవచ్చు. అంటే ఒక కప్పులో ఉన్నది గుప్పెడు పండ్లు. నగరాల్లో ఆ కప్పు రెండు వందలకు అమ్ముడుపోవడం మామూలే. ఆ గుప్పెడు పండ్లు కోసినవాడికి అందులో ఎంత దక్కుతుందో పాడేరు, చింతపల్లి యువకులు తామే లెక్క వేసుకోవాలి.

ఈ మధ్యలో ధర పెంచేదీ తగ్గించేదీ రుచి పరీక్ష. దాని పద్ధతి వింటే మీరు ఆశ్చర్యపోతారు. 150 మిల్లీలీటర్ల నీళ్లకు 8.25 గ్రాముల పొడి. నీళ్ల వేడి 93 డిగ్రీలు. నాలుగు నిమిషాలు ఆగి, పైన కట్టిన తెట్టును చెంచాతో విడగొట్టి వాసన చూస్తారు. కాస్త చల్లారాక చెంచాతో గట్టిగా జుర్రి, నోరంతా తిప్పి, ఉమ్మేస్తారు. వందకు మార్కులు వేస్తారు. ఎనభై దాటితే "స్పెషాలిటీ" అని పేరు, దానికి తగ్గ ధర. ఇందులో ఎస్ప్రెస్సో యంత్రం ఎక్కడుంది? కాటా, థర్మామీటరు, గ్లాసులు, చెంచా, శిక్షణ పొందిన నాలుక. అంతే.

"అరకు కాఫీకి ఇప్పటికే ఇంత పేరొచ్చింది కదా, ఇంకేం కావాలి?" అంటారు. పేరు వచ్చిన మాట నిజం. 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు, 2018లో అక్కడే బంగారు పతకం వచ్చింది. 2019లో "అరకు వ్యాలీ అరబికా"కు భౌగోళిక గుర్తింపు దక్కింది. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ కాఫీ కొనడం వల్ల దళారీల పట్టు సడలింది. ఇవన్నీ మంచివే. అయితే భౌగోళిక గుర్తింపు లోయ పేరును కాపాడుతుంది. నీ ఊరి గింజకు, నీ తోట గింజకు ఎన్ని మార్కులొచ్చాయో అది చెప్పదు. ఈ ఏడు మార్కులు తగ్గితే ఎందుకు తగ్గాయో చెప్పదు. ఆ కాగితం తన చేతికి వచ్చిందా, వస్తే చదివి చెప్పగలిగినవాడు ఊళ్లో ఉన్నాడా అని ప్రతి కాఫీ రైతు అడగాలి. గోడ మీద మన ఫోటో, ముంగిట మన థింసా పెట్టి, బల్ల దగ్గర మనవాడు ఒక్కడూ లేకుండా జరిగే ప్రదర్శన మనకు గౌరవం కాదు.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది. "మన కుర్రాళ్లు బరిస్టాలు అవుతున్నారు కదా" అని. కావచ్చు, ఏ పనీ చిన్నది కాదు. కానీ యంత్రం పిడి పట్టుకున్నంత మాత్రాన ధర చేతికి రాదు. ఆ పిడి రేపు ఇంకొకరి చేతికిస్తారు. రుచి చెప్పగల నాలుకను మాత్రం ఎవరూ లాక్కోలేరు.

ఉపాధ్యాయ మిత్రులకు ఇక్కడే పని ఉంది. కాఫీ పండే మండలాల ఆశ్రమ పాఠశాలల్లో ఒక రుచి బల్ల పెట్టించండి. పెద్ద తరగతుల పిల్లల ముందు మూడు గ్లాసులు ఉంచండి. ఒకటి ఎర్రగా పండిన కాయది, ఒకటి పచ్చికాయది, ఒకటి సరిగా ఆరనిది. జుర్రి ఉమ్మేయమనండి. ఇంటికెళ్లి ఏ కాయ కోయాలో అమ్మానాన్నలకు వాళ్లే చెబుతారు. రుచుల పేర్లు కూడా వాళ్లనే పెట్టనివ్వండి. ప్రపంచం వాడే రుచుల పట్టికలో బ్లూబెర్రీ ఉంది, మల్లె ఉంది. మన పిల్లలు బ్లూబెర్రీ ఎప్పుడు చూశారు? నేరేడు తెలుసు, పనస తొన తెలుసు, అడవి తేనె తెలుసు, ఎండిన ఇప్పపువ్వు వాసన తెలుసు. కువి మాటల్లో, ఆదివాసీ ఒడియా మాటల్లో ఆ పట్టిక రాయించండి. అది సైన్సు పాఠం అవుతుంది, భాషా పాఠమూ అవుతుంది.

యువకులకు ఒక మాట. బెంగళూరులో కాఫీ బోర్డు నాణ్యత మీద పీజీ డిప్లొమా నడుపుతుంది, "కాపీ శాస్త్ర" పేరుతో చిన్న శిక్షణలూ ఇస్తుంది. దేశంలో కాఫీ రుచి చెప్పడం వృత్తిగా చేసిన తొలి మహిళ సునాలినీ మీనన్ ఆ బోర్డులో పనిచేసే పేరు తెచ్చుకున్నారు. ఐటీడీఏ ముందు యంత్రం కోసం అర్జీ పెట్టేముందు ఈ చదువుకు ఫీజు కోసం, హాస్టల్ ఖర్చు కోసం అర్జీ పెట్టండి. ఊరికి ఒకరు, కనీసం మండలానికి ఇద్దరు ఆ బల్ల దగ్గర కూర్చోగలిగితే, మన గింజను "మీడియం" అని పక్కకు నెట్టేముందు కొనేవాడు ఒక్క క్షణం ఆగుతాడు.

1/70 చట్టం మన భూమి చేజారకుండా కాపాడటానికి వచ్చింది. మన పంటకు పేరు పెట్టే హక్కును కాపాడే చట్టం మాత్రం ఏదీ లేదు. ఆ హక్కు నేర్చుకున్నవాడిదే. యంత్రం ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ముందు చెంచా పట్టండి.