తొలి పండు ఎవరికి?

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు రోడ్డు నడుమ మెట్రో స్తంభాలు లేచిన నాటి నుండి వసంతాన్ని నేల మీద నిలబడి చూడడం కష్టమైపోయింది. తల ఎత్తితే కాంక్రీటు, దించితే వాహనాలు. అయితే 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్‌కు రైలు మొదలయ్యాక మరో సౌకర్యం కలిగింది. చెట్లను పైనుండి చూడగలుగుతున్నాము. ఈ మార్చిలో అత్తగారి మందుల కోసం వెళ్లి వస్తూ, చైతన్యపురి దాటి విక్టోరియా మెమోరియల్ స్టేషన్ సమీపిస్తుండగా కిటికీలోంచి చూస్తే, నిన్నమొన్నటి వరకు దుమ్ము పట్టి ఉన్న కానుగ చెట్లు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. రావిచెట్టుకు రాగిరంగు చిగురు వచ్చింది. ఆరవ నిజాం కాలంలో అనాథ బాలల కోసం వెలసిన ఆ విక్టోరియా మెమోరియల్ ఆవరణ పుణ్యమా అని ఈ దారిలో ఇంకా నాలుగు చెట్లు మిగిలాయి. మా చేతిలో మందుల చీటీ ఉంది, ఒడిలో సంచి ఉంది, మనసులో ట్యాంకరు వాడికి ఇవ్వవలసిన డబ్బు ఉంది. వాటి మధ్యనే ఆ చిగురు కనిపించింది.

మా ఇంటి సంగతి పాఠక సోదరీమణులలో చాలామందికి తెలియనిదేమీ కాదు. ఎల్.బి.నగర్ సందులో రెండో అంతస్తు వాటా, ఆరుగురు మనుషులం. అత్తగారు, మామగారు, మేమిద్దరం, పదో తరగతి పరీక్షలు రాస్తున్న కొడుకు, అయిదేళ్ల కూతురు. మావారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణంలో పని చేస్తారు. ఫిబ్రవరి నెలాఖరుకే బోరు అడుగంటింది. నాగార్జునసాగర్ నుండి సాహెబ్‌నగర్ మీదుగా ఊరికి చేరే కృష్ణా నీళ్లు రోజు విడిచి రోజు గంటసేపు వస్తాయి, అవి సంపులో అడుగు తడపడానికే సరిపోతాయి. ఇంటి యజమాని జూన్ నుండి అద్దె పెంచుతానని ముందే చెప్పారు. కొడుకును ఇంటర్‌లో ఎక్కడ చేర్చాలన్నది మరో చింత. ఈ ప్రాంతంలో కోచింగ్ ప్రకటన లేని గోడ వెతికినా దొరకదు, ప్రతి గోడా తల్లిదండ్రులను బెదిరిస్తున్నట్టే ఉంటుంది.

ఈసారి రమజాను నెల, వసంతం కలిసే వచ్చాయి. చాంద్రమాన సంవత్సరం సూర్యుని లెక్క కన్నా దాదాపు పదకొండు రోజులు చిన్నది గనుక మన నెలలు అన్ని ఋతువులనూ చుట్టివస్తాయి. 2023లో ఉగాది మార్చి 22న వస్తే, మన ఉపవాసాలు 24న మొదలయ్యాయి. 2024లో ఏప్రిల్ 9న ఉగాది, 11న ఈద్. 2025లో మార్చి 30, ఆదివారం ఉగాది. మాకది ఇరవై తొమ్మిదో రోజా. ఆ ఉదయం పక్క వాటా వారి అబ్బాయి నిచ్చెన వేసుకుని సందు మొదట్లోని వేపచెట్టు పూత కోస్తూ ఉంటే, రాలిన పూలను మా పాప ఏరి తెచ్చింది. ఏం చేస్తావంటే జవాబు లేదు. మంచినీళ్ల గ్లాసులో వేసి కిటికీలో పెట్టింది.

అరబీ భాషలో వసంతాన్ని ‘రబీ’ అంటారు. ఆ మాట తెలుగు రైతుకు ఏనాడో సొంతమైంది. తెలంగాణలో యాసంగి అని పిలుచుకునే పంటనే కాగితాల మీద రబీ అని రాస్తారు. వసంతంలో కోతకు వచ్చే పంట గనుక ఆ పేరు. మన రబీఉల్ అవ్వల్, రబీఉల్ ఆఖర్ నెలల పేర్లలోనూ ఉన్నది ఆ మాటే. నల్లగొండ జిల్లాలో సేద్యం చేసిన మా మామగారి తండ్రికి అరబీ రాకపోయినా ఈ ఒక్క మాట రోజూ నోట్లో ఆడేది. దిగులు, దుఃఖం కమ్ముకున్నప్పుడు చేసుకోవలసిన ఒక దుఆ హజ్రత్ ఇబ్నె మస్‌వూద్ (రజి) ఉల్లేఖనంగా ముస్నద్ అహ్మద్‌లో ఉంది. అందులో దాసుడు దివ్య ఖుర్ఆన్‌ను తన హృదయానికి వసంతంగా చేయమని అల్లాహ్‌ను వేడుకుంటాడు. అక్కడా ఆ మాట రబీయే. బాగున్న రోజున కాదు, దిగులు పడ్డ రోజున వసంతాన్ని అడగమని నేర్పిన దుఆ అది. అత్తగారు దాన్ని చాలా ఏళ్లుగా చదువుతున్నారు. అర్థం మొన్ననే అడిగి తెలుసుకున్నారు.

ఇక మామగారి విషయం చెప్పాలి. ఆయన కొత్తపేట పండ్ల మార్కెట్‌లో ఒక కమీషన్ వ్యాపారి వద్ద గుమాస్తాగా ముప్పై ఏళ్లకు పైగా పని చేశారు. 1986లో జాంబాగ్ నుండి మార్కెట్ గడ్డిఅన్నారానికి మారింది. ఆ తరువాత రెండు మూడేళ్లకే ఆయన చేరారు. సుమారు 22 ఎకరాల ఆవరణ. మార్చి వచ్చిందంటే కొత్తపేట చౌరస్తా నుండి లారీలు బారులు తీరేవి. తెల్లవారుజామున వేలం, ఎండు గడ్డి వాసన, అందులో మాగుతున్న మామిడి వాసన. ఊళ్లో బంగినపల్లి అన్న పండే ఇక్కడి బజారులో బేనిషాన్. ఆయన చొక్కాకు ఆ వాసన జూన్ దాకా వదిలేది కాదని అత్తగారు ఇప్పటికీ విసుక్కుంటున్నట్టు నటిస్తారు. మా ఇంట్లో వసంతం వచ్చిందని చెప్పడానికి కోయిల అవసరం ఉండేది కాదు, మామగారి చొక్కా చాలు.

2021లో మార్కెట్‌ను అక్కడి నుండి తరలించారు. హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట, అబ్దుల్లాపూర్‌మెట్ దాటి విజయవాడ దారిలో ఉన్న బాటసింగారం ఇప్పుడు పండ్ల మార్కెట్. కొత్తపేట స్థలంలో పెద్దాసుపత్రి కట్టడం మొదలైంది. ఆసుపత్రి అవసరం లేదని ఎవరూ అనరు. నగరం నడిమధ్యన లారీల బారులు మంచివని కూడా మేము వాదించము. కాని ఇంటి నుండి నడిచి వెళ్లే పని, తెల్లవారుజామున రెండు గంటలకు లేచి బండి పట్టుకుని వెళ్లే పనిగా మారితే అరవై దాటిన మనిషి ఏం చేయగలడు? కొన్నాళ్లు వెళ్లారు, మోకాళ్లు ఒప్పుకోలేదు. అప్పటి నుండి మార్చి నెల వస్తే ఆయన మాటలు తగ్గిపోతాయి. మావారి ఒక్క జీతం మీద ఇల్లు నడవడం మొదలైంది కూడా అప్పుడే. ఈ ఏడాది ధర దిగేవరకు మామిడిపండ్లు కొనకూడదని రమజానుకు ముందే నిర్ణయించుకున్నాము. సరూర్‌నగర్ రైతు బజారులో ఒకసారి చింతచిగురు మాత్రం కొన్నాము. అదీ గుప్పెడు. చిగురు గోష్త్ అనాలంటే అందులో గోష్త్ ఉండాలి గనుక, ఆ రోజు పప్పులో వేసి సరిపెట్టుకున్నాము. అరచేతుల మధ్య నలిపి ఈనెలు ఏరుతుంటే వేళ్లకు అంటిన పులుపు వాసన ఇఫ్తార్ దాకా ఉంది.

ఆ ఆదివారం అసర్ నమాజు తరువాత ఫిత్రా లెక్క చూసుకుంటున్నాము. ఇంట్లో ఉన్న ప్రతి మనిషి పేరిట, పసిపిల్లల పేరిట కూడా, పండుగ నమాజుకు ముందే పేదలకు చేరవలసిన దానం కదా. ఖర్జూరం గాని బార్లీ గాని అయితే ఒక సా అని హదీసులో కొలత ఉంది. ఒక సా అంటే నాలుగు ముద్దులు. ఒక ముద్ అంటే సామాన్యమైన మనిషి రెండు చేతులూ కలిపి పట్టిన దోసెడు. మా పల్లెల్లోని సోల, తవ్వ, మానిక వంటి కొలతే అది. దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ నీటితో వుజూ, ఒక సా నుండి అయిదు ముద్దుల నీటితో స్నానం చేసేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. నీళ్లు లేని ఈ రోజుల్లో మా కొడుకు దాన్ని పరీక్షించాడు. కుళాయి వదిలి వుజూ చేస్తే కింద పెట్టిన బకెట్ సగం నిండింది. మగ్గుతో చేస్తే ముక్కాలు మగ్గుతో ముగిసింది. పరీక్షల్లో లెక్కలు తప్పినా ఈ లెక్క తప్పలేదని వాళ్ల నాన్న నవ్వారు. ఆ నవ్వు కొడుకుకు నచ్చలేదని వేరే చెప్పనక్కరలేదు.

సరిగ్గా అప్పుడే మామగారితో ఒకప్పుడు మార్కెట్‌లో హమాలీగా పనిచేసిన ఆయన గుమ్మంలో నిలిచాడు. బాటసింగారం నుండి ఇంటికి పోతూ దిగాడట. చేతిలో కాగితం పొట్లం. “సాబ్, ఈ ఏడాది మాగిన మొదటి పెట్టెలోవి” అని రెండు బేనిషాన్లు మామగారి చేతిలో పెట్టాడు. ఇఫ్తార్‌కు ఉండమంటే, ఇంట్లో ఎదురుచూస్తారని వెళ్లిపోయాడు. మామగారు పండును ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత తొడిమ దగ్గర నొక్కి చూసి, “గడ్డిలో మాగినదే, మందు పెట్టింది కాదు” అన్నారు. ఆ ఏడాది మార్కెట్ గురించి ఆయన పలికిన మొదటి మాట అది.

నెలవంక కోసం అందరం డాబా మీదికి వెళ్లాము. ఖర్జూరాలు, నీళ్లు, పళ్లెంలో ఆ రెండు పండ్లు. భవనం వాచ్‌మన్ భార్య ఎండిన బట్టలు తీసుకోవడానికి వచ్చింది. చంకలో రెండేళ్లు నిండని బాబు. వాళ్లది మహబూబ్‌నగర్ వైపు పల్లె. రోజా విప్పి నమాజు ముగించాక మామగారు పండు కోయబోతూ ఆగి, తొలి పండు చేతికి వచ్చినప్పుడు ఏం చేయాలో పిల్లలకు చెప్పారు. మదీనాలో ప్రజలు మొదటి పంట పండును దైవప్రవక్త (సఅసం) వద్దకు తెచ్చేవారు. ఆయన దాన్ని అందుకుని తమ పండ్లలో, తమ పట్టణంలో, తమ సాలో, తమ ముద్‌లో శుభాలు కలిగించమని ప్రార్థించేవారు. ఆ తరువాత పండును ఒక చిన్న పిల్లవాడికి ఇచ్చేవారు.

సాలో, ముద్‌లో! గంట క్రితం మేము ఫిత్రాకు లెక్కించుకున్న కొలతలే. పండు చేతిలో ఉండగా పండు ఇంకా కావాలని మాత్రమే కాదు, ఇంట్లో ఉన్న ఆ చిన్న పాత్ర సరిపోవాలని కూడా అడిగారు. ఇన్నేళ్లుగా విన్న హదీసే అయినా, సంపు ఖాళీగా ఉన్న రోజున విన్నది ఇదే మొదటిసారి.

మా పాప అప్పటికే చేయి చాపింది. ఇంట్లో అందరికన్నా చిన్నది తనే. అత్తగారు ఆ చేతిని మెల్లగా వెనక్కు తీసి, “ఆగు బిడ్డా, నీకన్నా చిన్నోడు ఉన్నడు” అని వాచ్‌మన్ బాబు వైపు చూశారు. పాప ముఖం ముడుచుకుంది. కొడుకు చెల్లెలి పక్షం వహించాడు. తమ ఇంటి చిన్న పిల్లవాడినే పిలిచి ఇచ్చేవారని తాను పుస్తకంలో చదివానన్నాడు. మామగారు ఇద్దరి మాటా కాదనలేదు. సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (రజి) నుండి ఈ హదీసు రెండు విధాలుగా వచ్చింది. ఒకదానిలో తమ చిన్న పిల్లవాడిని పిలిచి ఇచ్చేవారని, మరొకదానిలో అక్కడ హాజరై ఉన్న పిల్లలలో అందరికన్నా చిన్నవాడికి ఇచ్చేవారని ఉంది. “రెండూ ఉన్నయి. డాబా మీద ఎవరున్నరో చూసుకుని మనమే ఎంచుకోవాలె” అన్నారాయన.

వాచ్‌మన్ భార్య “వద్దమ్మా, పాపకియ్యండి” అంటూనే ఉంది. అత్తగారు మొదటి ముక్క బాబు పిడికిట్లో పెట్టారు. వాడు దాన్ని నోట్లో కాక ముందు చెంపకు రాసుకున్నాడు. పాప ఏడ్చింది. నిజమే చెప్పాలి, ఆ క్షణంలో మా మనసు కూడా పాపతోనే ఉంది. నెల రోజులుగా పండ్ల బండి ముందు దాని చేయి పట్టి లాక్కువచ్చింది మేమే కదా. రెండో ముక్క దానికి ఇచ్చినా కోపంతో తినలేదు. కాసేపటికి బాబు తన చేతిలో నలిగిన ముక్కను దాని నోటికి అందించబోతే తల తిప్పేసుకుంది. మూడోసారికి కొరికింది.

రెండు పండ్లు ఎనిమిది మందికి వచ్చాయి. తలా రెండు ముక్కలు. టెంకలు పిల్లలవి. పడమట సన్నటి నెలవంక కనిపించిందని పక్క డాబా నుండి ఎవరో కేక వేశారు. మసీదు మైకులో ప్రకటన వచ్చేసరికి కింద వీధిలో ఉగాది బంధువులు వీడ్కోలు తీసుకుంటున్నారు, పైన మేము ఒకరికొకరం ఈద్ శుభాకాంక్షలు చెప్పుకుంటున్నాము. ఫిత్రా డబ్బు ఆ రాత్రే వేరుచేశాము. ట్యాంకరుకు ఇవ్వవలసినది ఇంకా ఇవ్వలేదు. కొడుకుకు పండుగ తరువాత మళ్లీ పరీక్ష అట్ట, పెన్నులు.

పాప తన టెంకను పాత పెయింట్ డబ్బాలో మట్టి పోసి నాటింది. దాని పాలు నీళ్లు ఏ లెక్కలోంచి ఇవ్వాలన్నది ఇప్పుడు ఇంట్లో కొత్త చర్చ. వుజూ నీళ్లు బేసినులో పట్టి పోద్దామని తీర్మానం జరిగింది.

ఏప్రిల్ మొదటి శుక్రవారం తెల్లవారుజామున రెండు గంటలకు వంటింట్లో దీపం వెలిగి ఉంటే లేచి చూశాము. మామగారు చొక్కా వేసుకుని, మోకాలికి పట్టీ చుట్టుకుంటున్నారు. బాటసింగారం వెళ్లే బండి ఆయన పాత హమాలీ మిత్రుడిది, ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఎక్కించుకుంటానన్నాడట. పని కోసమా అని అడిగితే, “వేలం చూసి వస్త” అన్నారు. అత్తగారు టీ పెట్టి ఇచ్చారు గాని ఏమీ అనలేదు. సంచి ఒకటి మడిచి ఆయన జేబులో పెట్టారు.